యాభై ఎనిమిదో నంబరు ముఖం

మంగళవారం పొద్దున పదింటికి మా పత్రికాఫీసు ముందు పసుపుపచ్చ స్కూలు బస్సు ఒకటి వచ్చి ఆగింది. కిటికీకి అడ్డంగా నిలబడేసరికి గదిలో వెలుతురంతా పోయింది. పిల్లల్ని బడి దగ్గర దింపేసి లవాన్ స్ట్రాండ్ నేరుగా ఇటు తోలుకొచ్చింది. బస్సును సొంత పనికి వాడకూడదని రూలుంది. పద్దెనిమిదేళ్లుగా ఆ బస్సు నడుపుతున్న లవాన్ ఒక్క రూలు కూడా తప్పిన మనిషి కాదు. ఆమె చంకలో లావాటి ఆల్బం ఒకటి ఉంది. ముఖం చూస్తే రాత్రంతా నిద్రపోయినట్టు లేదు.

"వెర్నా గారూ, మెయిన్ స్ట్రీట్‌లో దీపస్తంభాలకు ఎన్ని బ్యానర్లున్నాయో లెక్కపెట్టారా?" అంది, కూర్చోకుండానే.

"నేనెందుకు లెక్కపెడతానమ్మా?"

"నేను పెట్టాను. రోజుకు నాలుగుసార్లు ఆ రోడ్డు మీదే తిరిగేదాన్ని కదా. జట్టులో ఆఖరి ఏడాది కుర్రాళ్లు పంతొమ్మిది మంది. బ్యానర్లు పద్దెనిమిది. లేనిది మా కోల్బీది."

మా ఊళ్లో ఫుట్‌బాల్ అంటే ఏమిటో నేను కొత్తగా చెప్పక్కర్లేదు. బంతిని చేత్తో పట్టుకుని పరిగెడుతూ ఒకరి మీద ఒకరు పడే అమెరికా ఫుట్‌బాల్ మాది. అయోవాలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఊరు. ఊరికి ఒక కాలేజీ, కాలేజీకి ఒక జట్టు. ఆగస్టు ఆఖరున బ్రెక్నర్ కాలేజీవాళ్లు చివరి ఏడాది ఆటగాళ్ల బ్యానర్లు కడతారు. నిలువెత్తు ఫొటో, కింద పేరు, నంబరు. ఒకడు గాల్లోకి ఎగురుతూ ఉంటాడు, ఒకడు బంతిని గుండెకు హత్తుకుని పరిగెడుతూ ఉంటాడు. నవంబరులో ఆఖరి ఆట అయ్యేదాకా ఊరంతా వాళ్ల కింద నుంచే రాకపోకలు సాగిస్తుంది.

"మూడు నెలలైంది, ఇన్నాళ్లూ ఏం చేశావు?" అన్నాను.

"అచ్చు ఆలస్యమైందేమో అనుకున్నా. సెప్టెంబరులో అడిగితే చూస్తామన్నారు. అక్టోబరులో అడిగితే మళ్లీ చూస్తామన్నారు. నిన్న అడిగితే, మీవాడి ఫొటో పనికొచ్చేది ఒక్కటీ లేదమ్మా అన్నారు. నాలుగేళ్లు ఆడాడు వెర్నా గారూ! ఒక్క ఆట మానలేదు. ఒక్కటీ లేదంటే ఏంటండీ అర్థం?"

ఒళ్లు మండింది నాకు. ఇరవై రెండేళ్లుగా ఆ మైదానం అంచున మోకాళ్ల మీద కూర్చుని ఫొటోలు తీస్తున్నదాన్ని. ఒక్కటీ లేకపోవడమేమిటి?

లవాన్ ఆల్బం తెరిచింది. అన్నీ మా పత్రికలోంచి కత్తిరించి అంటించినవే. అంటే అన్నీ నేను తీసినవే. ప్రతి ఫొటో మీదా ఒక చిన్న పసుపు బాణం అంటించి ఉంది. ఆఫీసుల్లో సంతకం ఎక్కడ పెట్టాలో చూపించడానికి అంటిస్తారే, ఆ బాణాలు.

"ఇదిగో, ఈ మోచెయ్యి మా వాడిది," అంది. పేజీ తిప్పింది. "ఇక్కడ ఈ మడమ. ఇది వాడి వీపే, చూశారా, యాభై ఎనిమిదిలో ఎనిమిది కనిపిస్తోంది. ఇక్కడ..." అని కాస్త ఆగింది. "ఇది వాడి పిర్ర. నవ్వకండి."

నేను నవ్వలేదు. నాలుగేళ్లు, నలభై పేజీలు. మోచేతులు, మడమలు, వీపులు. ఒక్కదాంట్లోనూ ముఖం లేదు.

కోల్బీ పని అలాంటిది. మనవాళ్లు బంతిని ఇక ముందుకు తీసుకుపోలేమనుకున్నప్పుడు దాన్ని దూరంగా తన్ని అవతలివాళ్లకు వదిలేస్తారు. దాన్నే పంట్ అంటాం. ఆ తన్నేవాడికి, అంటే పంటర్‌కు, బంతి అందించేది కోల్బీ. నడుం వంచి, తల కిందికి వేలాడేసి, రెండు కాళ్ల సందులోంచి వెనక్కి చూస్తూ, పదిహేను గజాల అవతల ఉన్నవాడి చేతుల్లోకి రివ్వున విసరాలి. విసిరిన మరుక్షణం ఎదుటి జట్టు బండమనుషులు మీద పడతారు. సరిగ్గా విసిరితే ఎవరికీ గుర్తుండడు. ఒక్కటి తప్పితే ఊరంతా తిడుతుంది. నాలుగేళ్లలో కోల్బీ ఒక్కటీ తప్పలేదు, కాబట్టి ఊరికి వాడున్నాడనే తెలియదు.

లవాన్ కోటు మీద పళ్లెమంత గుండ్రటి బిళ్ల ఉంది. ఆటగాళ్ల తల్లులంతా పెట్టుకుంటారు, ఆట ఉన్న వారమంతా. తక్కిన తల్లుల బిళ్లల మీద కొడుకుల ముఖాలుంటాయి, బంతి పట్టుకునో, అరుస్తూనో. లవాన్ బిళ్ల మీద వట్టి అంకె. యాభై ఎనిమిది.

"ఆగస్టులో టై కట్టి తీసిన ఫొటో ఉందిగా?" అన్నాను.

"అది లైసెన్సు మీద ఫొటోలా ఉంటుంది. వాడు ఆడుతూ ఉండాలి. శనివారం ఆఖరి ఆట. ఆ తర్వాత వాడింక బంతి ముట్టడు, ధాన్యం గిడ్డంగిలో పనికి చేరిపోతున్నాడు. ఆడుతుండగా, ముఖం కనిపించే ఫొటో ఒక్కటి తీసిపెట్టండి వెర్నా గారూ. ఒక్కటంటే ఒక్కటి."

తీస్తానని మాటిచ్చాను. ఆమె బస్సు కదిలిందో లేదో, కోటు కూడా వేసుకోకుండా కాలేజీకి నడిచాను.

*

కాలేజీ ప్రచార విభాగం గ్రేడీ ఫాంక్‌హౌజర్ చేతిలో ఉంది. ముప్పై ఒక్కేళ్లవాడు. తొమ్మిదేళ్ల కిందట నా సాయంత్రం క్లాసులో ఫొటో తీయడం నేర్చుకున్నాడు. మొదటిరోజు లెన్సు మూత తీయకుండా అరగంట ఫొటోలు తీసిన ఘనుడు. ఇప్పుడు వాడికి గాజు గది, కుర్చీ, ఇద్దరు అసిస్టెంట్లు.

"ఒరే గ్రేడీ, పంతొమ్మిదో బ్యానరు ఏదిరా?"

"రండి మేడమ్, కూర్చోండి. కాఫీ తాగుతారా?"

"నీ కాఫీ తగలెయ్య. కోల్బీ స్ట్రాండ్ ఏం పాపం చేశాడు? స్కాలర్‌షిప్పు లేకుండా సొంత ఖర్చుతో చదువుకుంటూ నాలుగేళ్లు మీకోసం ఒళ్లు హూనం చేసుకున్నాడే, వాడి తల్లి రోజుకు నాలుగుసార్లు ఆ ఖాళీ స్తంభం కింద నుంచి బస్సు తోలుకుంటూ పోవాలా? సిగ్గనిపించడం లేదూ?"

వాడు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. "నిజంగానే ఫొటో లేదు మేడమ్. మా దగ్గర ఈ నాలుగేళ్ల ఆటలవి పదకొండు వేల ఫొటోలున్నాయి. అన్నీ వెతికించాను. వాడి ముఖం ఒక్కదాంట్లోనూ లేదు."

"ఎందుకుంటుంది? నీ మనుషులకు తీయడం వస్తే కదా! ఒక్కడు కూడా వాడివైపు కెమెరా తిప్పలేదా?"

"తిప్పే ఉంటారు. తర్వాత తీసేసుంటాం."

"తీసేశారా? ఏ గాడిద తీసేయమన్నాడు?"

గ్రేడీ నా వైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత చాలా మర్యాదగా అన్నాడు: "మీరే మేడమ్. బంతైనా ఉండాలి, ముఖమైనా ఉండాలి, రెండూ లేని ఫొటో ఉంచితే చెత్తబుట్టకీ నీకూ తేడా లేదని. రెండో క్లాసులో చెప్పారు. నోట్సు ఇప్పటికీ నా దగ్గరుంది."

చెప్పాను. రెండో క్లాసులోనే కాదు, ప్రతి క్లాసులోనూ చెప్పాను. చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

"నేర్పినదంతా మర్చిపోయావు గానీ ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నావా?" అని తలుపు విసురుగా వేసి వచ్చేశాను. దారిపొడుగునా ఆ బ్యానర్లు నన్ను చూస్తూనే ఉన్నాయి. పద్దెనిమిదింటిలో పదమూడు నేను తీసినవే.

ఇంటికొచ్చి పాత డిస్కులన్నీ బయటికి తీశాను. వంటింటి బల్ల మీద పరిచి ఒక్కొక్కటే చూశాను. ఆదివారం పొద్దున్నే ఆ బల్ల దగ్గరే కూర్చుంటాను, ఒక చేత్తో జాం పెట్టిన కొలాచీ బన్ను తింటూ, ఇంకో చేత్తో పనికిరాని ఫొటోలు తీసేస్తూ. ఆటకు పన్నెండొందలు తీస్తే ఎనభై ఉంచుతాను. బంతి లేదు, ముఖం లేదు, పో. బంతి లేదు, ముఖం లేదు, పో. కోల్బీ ఎన్నిసార్లు నా వేలి కింద పోయుంటాడో లెక్క తెలియదు. ఎక్కడో ఒకచోట, కిందపడి లేస్తూ, హెల్మెట్ సర్దుకుంటూ, పక్కవాడికి చెయ్యి అందిస్తూ ఉండే ఉంటాడు. హెల్మెట్ నీడ పడి ముఖం నల్లగా వచ్చుంటుంది, లేదా సగమే కనిపించుంటుంది. ఇంకొంచెం ఆగి చూస్తే దొరికేవాడు. నేను ఆగలేదు. గ్రేడీని గాడిద అన్నదాన్ని, ఆ మాట వాడికంటే నాకే బాగా నప్పుతుంది.

*

గురువారం సాధన చూడటానికి వెళ్లాను. కోల్బీ మైదానం మూల ఒంటరిగా, వలకు వేలాడదీసిన టైరులోకి కాళ్ల సందులోంచి బంతులు విసురుతున్నాడు. ఒక్కటీ టైరు అంచుకు తగలడం లేదు. పొడుగ్గా, ఎర్రటి చెవులతో, తల్లి పోలికే.

"మేడమ్, మా అమ్మ మీ ప్రాణం తీస్తోందని తెలుసు. వదిలేయండి," అన్నాడు సిగ్గుపడుతూ. "నా పని అంతే. నేను కనిపించానంటే ఏదో తప్పు చేశానన్నమాట."

"నీకు అక్కర్లేదా ఫొటో?"

"నాకెందుకు మేడమ్? అమ్మకు కావాలి." టైరు వైపు చూశాడు. "తల్లుల పిక్నిక్‌కు వెళ్లినప్పుడు ఒకావిడ అడిగిందట, మీ అబ్బాయి నిజంగా ఆడతాడా, నీళ్లందిస్తాడా అని. ఆ రోజు నుంచీ ఈ పట్టు పట్టింది."

ఆ ఒకావిడ ఎవరో కనుక్కుని నాలుగు దులిపేద్దామనిపించింది. కానీ ఆవిడకైనా ఎలా తెలుస్తుంది? పత్రికలో నేను చూపించలేదు కదా.

"వంగినప్పుడు నీకేం కనిపిస్తుంది?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలని.

"తలకిందులుగా పంటర్ చేతులు. ఆయన వెనక గోల్ స్తంభాలు, కంచె. పోయినసారి కంచె దగ్గర ఎవరో నారింజ రంగు టోపీ పెట్టుకుని కూర్చున్నాడు, బాగా గుర్తుంది."

"కంచె దాకా కనిపిస్తుందా?"

"కళ్లు తెరుచుకునే కదా మేడమ్ విసిరేది!"

ఇరవై రెండేళ్లలో నా బుర్రకు తట్టని సంగతి ఈ కుర్రాడు ఒక్క మాటలో చెప్పేశాడు. వాడికి నేను కనిపిస్తే, నాకు వాడు కనిపిస్తాడు. పంటర్ వెనక, మన సొంత గోల్ గీత అవతల, నేల మీద బోర్లా పడుకుంటే ఆ కాళ్ల సందులో వాడి ముఖం ఉంటుంది. తలకిందులుగానైనా ముఖం ముఖమే. అక్కడికి ఏ ఫొటోగ్రాఫరూ పోడు. బంతి ఎప్పుడూ అక్కడి నుంచి దూరంగా పోతుంది మరి.

*

శనివారం. ఎముకలు కొరికే చలి. నదికవతలి కాలేజీతో ఆట, గెలిచినవాళ్లకు రాగితో చేసిన మొక్కజొన్న పొత్తు. దానికోసం రెండు ఊళ్లూ అరవై ఏళ్లుగా మాట్లాడుకోవడం మానేశాయి. పైగా బంతి విసిరి మన ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ డెవ్లిన్, ఎదుటివాళ్ల గోల్ గీత దాటించే టచ్‌డౌన్ పాసులు ఇంకో రెండు వేస్తే కాలేజీ రికార్డు బద్దలవుతుంది.

మా సంపాదకుడు మెర్ల్ ముందురోజే చెప్పేశాడు: "వెర్నా, మొదటి పేజీ మొత్తం ఆ రికార్డు టచ్‌డౌనుకే. పై నుంచి కింద దాకా. నువ్వు ఏ మూల కూర్చుంటావో నాకు తెలీదు, ఆ ఒక్కటి మాత్రం తప్పకూడదు."

టచ్‌డౌన్లు పడేది అవతలి చివర. నేనుండాల్సింది ఇవతలి చివర. మధ్యలో వంద గజాలు. నేను మెర్ల్‌కు సరేనన్నాను. అబద్ధమే.

తోటపనికి కట్టుకునే మోకాలి మెత్తలు కట్టుకున్నాను, బ్యాటరీలు చల్లబడకుండా చంకలో పెట్టుకున్నాను, పెద్ద లెన్సు భుజానేసుకుని మన గోల్ గీత వెనక్కి పోయి బోర్లా పడుకున్నాను. ఆటలో నాలుగు క్వార్టర్లు, ఒక్కోటి అయినప్పుడల్లా జట్లు దిక్కులు మారతాయి కాబట్టి, నేనూ లేచి ఆ చివర నుంచి ఈ చివరకు నడవాలి. అరవై ఒక్కేళ్ల మోకాళ్లతో.

మొదటి క్వార్టర్‌లో మనవాళ్లు ఒక్కసారి కూడా పంట్ చేయలేదు. బంతి దొరకడం, దూసుకుపోవడం. ఊరంతా లేచి నిలబడి కేకలు. నేనొక్కదాన్నే గడ్డిలో పడుకుని మా జట్టు తప్పు చేయాలని దేవుణ్ణి వేడుకుంటున్నాను. ఇంతకాలం మెడలో వాళ్ల రంగు మఫ్లరు వేసుకు తిరిగిన దాన్ని!

రెండో క్వార్టర్ సగంలో దేవుడు విన్నాడు. మనవాళ్లు మన వైపే ఇరవై ఐదో గజం గీత దగ్గర ఇరుక్కున్నారు. కోల్బీ పరిగెత్తుకుంటూ వచ్చి వంగాడు. లెన్సులో చూశాను. ఉన్నాడు! కాళ్ల సందున హెల్మెట్, అందులో రెండు కళ్లు. బంతి కదిలింది. మీట నొక్కాను, నొక్కుతూనే ఉన్నాను.

ఆగాక చూసుకుంటే పంటర్ చేతుల్లోకి వస్తున్న బంతి, పంటర్ కాలు, ఆకాశంలో బంతి. చక్కగా వచ్చాయి, ఒక్కోటీ క్యాలెండరుకు వేసుకోవచ్చు. కోల్బీ లేడు. బంతి కదలగానే నా చేతులు వాటంతటవే బంతి వెంట పోయాయి. నాకు తెలియనే తెలియదు. ఇరవై రెండేళ్లుగా ఇదే చేసిన చేతులు మరి. రెండు చేతులూ నరుక్కోవాలన్నంత కోపమొచ్చింది. గడ్డి పీకి విసిరేశాను.

మూడో క్వార్టర్‌లో గ్రేడీ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "మేడమ్, ఏంటిక్కడ పడుకున్నారు? ఒంట్లో బాగాలేదా? డెవ్లిన్ రికార్డుకు ఇంకొక్కటే ఉంది, అందరూ అవతల ఉన్నారు!"

"తెలుసు. అందరూ అక్కడున్నారనే ఇక్కడున్నాను. అడ్డం లే."

"కానీ మేడమ్..."

"గ్రేడీ, రెండో క్లాసులో నేను చెప్పింది తప్పు. నోట్సులో కొట్టేసుకో. ఇప్పుడు పక్కకు తప్పుకో."

వాడు వెళ్లిపోలేదు గానీ పక్కకు మాత్రం జరిగాడు. అప్పుడే అవతలి చివర అరుపులు ఆకాశాన్నంటాయి. డెవ్లిన్ వేశాడు. రికార్డు పడింది. ఫిరంగి పేలింది, బ్యాండు మోగింది, పక్కవాళ్లు ముక్కూముఖం తెలియనివాళ్లను కూడా కౌగిలించుకుంటున్నారు. నా లెన్సులో మాత్రం ఖాళీ గడ్డి. మెర్ల్ మొదటి పేజీ గాల్లో కలిసిపోయింది. జేబులో ఫోను అదిరింది, తీయలేదు.

నాలుగో క్వార్టర్. మనవాళ్లు నాలుగు పాయింట్లు ముందున్నారు. ఇంకా మూడు నిమిషాలు. పద్దెనిమిదో గజం దగ్గర ఆగిపోయారు. ఇక పంట్ తప్పదు, ఇదే ఆఖరుది కావచ్చు. బంతి తప్పుగా పోతే ఆట పోతుంది, రాగి పొత్తు పోతుంది. ఊరంతా గుండెలు చిక్కబట్టుకుంది. ఒక్క గొంతూ లేదు.

కోల్బీ వచ్చి వంగాడు. సాయంత్రపు ఎండ మైదానానికి అడ్డంగా, పక్క నుంచి, నేలను తాకుతూ వస్తోంది. మధ్యాహ్నమైతే హెల్మెట్ లోపల చీకటే. ఇప్పుడా ఎండ సరిగ్గా వాడి ముఖం మీద పడింది. నేను ఎడమచేత్తో లెన్సును నేలకేసి అదిమిపట్టాను, చేతులు మళ్లీ మోసం చేయకుండా. "బంతి నీది కాదు, బంతి నీది కాదు," అని పైకే అంటున్నానట. ఆ సంగతి తర్వాత గ్రేడీ చెప్పాడు.

బంతి వాడి వేళ్లను వదిలింది. లెన్సు కదల్లేదు. నేనూ కదల్లేదు. మరుక్షణంలో ముగ్గురు మనుషులు వాడి మీద పడి ముఖాన్ని మూసేశారు. బంతి ఏమైందో నేను చూడలేదు. జనం కేకలు విని, బాగానే పోయిందన్నమాట అనుకున్నాను.

వెనక్కి తిప్పి చూశాను. పదకొండు ఫొటోల్లో ఒక్కటి. తలకిందులుగా ముఖం, విచ్చుకున్న కళ్లు, పళ్ల మధ్య నాలుక కొస, చెంప మీద ఎండ, కాస్త ఇవతలగా గాల్లో బంతి. కిందంతా గడ్డి.

"బంతీ ఉంది, ముఖమూ ఉంది మేడమ్," అన్నాడు గ్రేడీ నా భుజం మీదుగా చూసి.

"నోర్ముయ్," అన్నాను. ఏడుపొచ్చింది నాకు.

*

మెర్ల్ ఆ రాత్రి నన్ను తిట్టిన తిట్లు ఈ కథలో రాయదగినవి కావు. గ్రేడీ అసిస్టెంట్లు తీసిన రికార్డు టచ్‌డౌన్ ఫొటోకోసం చివరికి గ్రేడీ కాళ్లు పట్టుకోవాల్సొచ్చింది ఆయనకు. నా ఫొటోను చూడనన్నాడు, చూశాడు, మెడ వంచి మళ్లీ చూశాడు, మొదటి పేజీ కింది సగంలో వేశాడు. కోల్బీ పేరుతో సహా.

బుధవారం మా వారపత్రిక వచ్చిన గంటకు గ్రేడీ ఫోను చేశాడు. కాలేజీ పెద్దలకు ఆ ఫొటో తెగ నచ్చిందట, తమ పత్రిక అట్ట మీద వేస్తారట.

"వేసుకో. ముందు పంతొమ్మిదో బ్యానరు కట్టు."

"ఆటలైపోయాయి మేడమ్! సోమవారం అన్నీ దింపేస్తున్నాం."

"దింపుకో. అది మాత్రం కట్టు. మిగతావి పదమూడు వారాలున్నాయి. ఇదీ పదమూడు వారాలుంటుంది. ఒక్కరోజు తగ్గినా నా ఫొటో నాకు వాపసు."

"పోనీ, ఫొటో తిప్పి వేయనా? ముఖం నిటారుగా వస్తుంది."

"తిప్పావంటే నీ ఆఫీసుకొచ్చి నిన్ను తిప్పుతా. వాడు ఎలా ఆడాడో అలాగే ఉండాలి."

డిసెంబరు మొదటి వారంలో కట్టారు. పద్దెనిమిది స్తంభాలు బోడిగా, మా ఆఫీసు ఎదుటి స్తంభానికి ఒక్క కోల్బీ, తలకిందులుగా. దారినపోయేవాళ్లు తప్పుగా కట్టారనుకుని కాలేజీకి ఫోన్లు చేశారు. వాళ్లలో ఒక్కరికి కూడా మూడు నెలల ఖాళీ స్తంభం కనిపించలేదు గానీ, ఇది మాత్రం ఠక్కున కనిపించింది!

ఆ మధ్యాహ్నం నాలుగింటికి పిల్లలందర్నీ ఇళ్ల దగ్గర దింపేసిన ఖాళీ బస్సు మెయిన్ స్ట్రీట్‌లోకి వచ్చింది. స్తంభం దగ్గరికొచ్చి రోడ్డు మధ్యలో ఆగింది. ఎర్రదీపాలు మినుకుమన్నాయి. పిల్లలు దిగేటప్పుడు కార్లను ఆపే, 'ఆగు' అని రాసిన ఎర్రపలక పక్క నుంచి బయటికి తెరుచుకుంది. బస్సుకు ఆ పలక తెరుచుకున్నాక మా ఊళ్లో కదిలే మొనగాడు లేడు. ఇటువైపు కార్లు ఆగాయి, అటువైపు కార్లు ఆగాయి. వరుసలో మూడోది గ్రేడీది. ఐదోదాంట్లో మెర్ల్.

లవాన్ దిగింది. బ్యానరు ముందు నిలబడి మెడ ఒకవైపు వంచింది, ఇంకోవైపు వంచింది. కుదరలేదు. అప్పుడు వెనక్కి తిరిగి, కాళ్లు ఎడంగా పెట్టి, నడుం వంచి, తల కిందికి వేలాడేసి, కాళ్ల సందులోంచి చూసింది. పద్దెనిమిదేళ్లుగా ఒక్క రూలు తప్పని మనిషి, నడిరోడ్డు మీద, ఊరినంతా ఆపి.

"మా వాడే!" అని అరిచింది అలాగే వంగి. "నాలుక బయటపెట్టాడు చూడండి! బూట్ల లేసు కట్టుకునేటప్పుడూ ఇలాగే పెట్టేవాడు, వెధవ!"

ఒక్క హారన్ కూడా మోగలేదు. కార్ల అద్దాలు దిగాయి. లోపలివాళ్లంతా మెడలు తిప్పి పైకి చూస్తున్నారు.

నేను కెమెరా పట్టుకుని గుమ్మంలోకి పరిగెత్తాను. దొరికింది ఒక్కటే. వంగిన నల్లకోటు, కిందికి జారిన నెరసిన జుట్టు, పక్కన ఎర్రపలక. బంతి లేదు. ముఖం లేదు.

ఆదివారం కొలాచీ తింటూ అన్నీ చూసుకున్నాను. అది దగ్గరికి రాగానే వేలు ఫొటో తీసేసే మీట మీదికి పోయింది. వేలు వెనక్కి తీసుకున్నాను.